జూన్‌లో మొక్క... మే నాటికి పుల్ల!

ప్రతి ఏటా జూన్ 5న నాకు ఒక వార్త తప్పదు. ప్రపంచ పర్యావరణ దినోత్సవం. పొద్దున ఎనిమిదింటికే ఫోన్ వస్తుంది. నేను వెళ్లేసరికి గుంత తవ్వి ఉంటుంది. పక్కన నల్ల కవరులో మొక్క, కొత్త చెంబులో నీళ్లు సిద్ధం. ముఖ్య అతిథి రాగానే ఆరేడు చేతులు ఒకే మొక్కను పట్టుకుంటాయి. ఫొటో పడుతుంది. పక్కనున్న కన్నడ పత్రిక విలేకరి కన్నడంలో, నేను తెలుగులో అదే వార్త పంపుతాం. ‘బళ్లారిలో ఇన్ని వందల మొక్కలు నాటారు. చెట్లు పెంచితేనే కాలుష్యం తగ్గుతుందని వక్తలు అన్నారు’. పదేళ్లకు పైగా ఇదే వాక్యం రాస్తున్నాను. అంకె ఒక్కటే మారుతుంది.

ఒక ఏడాది ఆ తంతు ముగిశాక రోడ్డు పక్కన టీ బంకు దగ్గర నిలబడ్డాను. బంకు నడిపే అవ్వ గ్లాసు చేతికిస్తూ అడిగింది. ‘‘ఫొటో అయిపోయిందా నాయనా? సరే గానీ, రేపట్నుంచి నీళ్లెవరు పోస్తారప్పా?’’ నవ్వి ఊరుకున్నాను. జవాబు నా దగ్గర లేదు. వార్తలో ఆ ప్రశ్న రాయలేదు కూడా.

మరుసటి మే నెలలో వేరే పని మీద అదే రోడ్డున పోతూ బండి ఆపాను. ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. ఇనుప కంచెలు వరుసగా బాగానే నిలబడి ఉన్నాయి. వాటి మీద రాయించిన పేర్లు కూడా చెరగలేదు. లోపల మొక్కలే లేవు. కొన్నిట్లో ఎండిన పుల్ల, కొన్నిట్లో చెత్త, ఒకదాంట్లో పగిలిన హెల్మెట్. బతికినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి ఆ టీ బంకు ముందున్న వేప. గ్లాసులు కడిగిన నీళ్లు అవ్వ రోజూ దానికే పోస్తోంది.

ఆ కార్యక్రమం ఎవరిదో ఇక్కడ అనవసరం. తప్పులో నా వాటా నాకుంది. జూన్‌లో నాటిన అంకె రాశాను. మేలో బతికిన అంకె ఒక్కసారైనా రాయలేదు. ఈ వ్యాసం చెప్పదలచింది కూడా అంతే. మొక్కలు నాటామన్న లెక్క ఇక చాలు. బతికిన లెక్క చెప్పే పద్ధతి మన ఊళ్లకు రావాలి.

దుమ్ముతో పెరిగిన ఊరు

బళ్లారి వాళ్లకు దుమ్ము గురించి కొత్తగా చెప్పేదేముంది? దత్తమండలాల కాలం నుంచి ఎండకూ, కరువుకూ పేరుపడిన సీమ ఇది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే మనం మైసూరు రాష్ట్రంలో కలిశాం. సరిహద్దు మారింది గానీ ఎండ మారలేదు. సాలుకు 500 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే వాన, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే వేడి అటు అనంతపురానికీ, ఇటు మనకూ ఒకటే.

దానికి తోడు గనులు. సండూరు కొండల నుంచి ఇనుప ఖనిజం లారీలు బారులు తీరిన రోజులు మనం చూశాం. రోడ్డు పక్క చెట్ల ఆకులు పచ్చ రంగు పోయి కావి రంగుకు తిరిగిన రోజులవి. 2011 జులైలో సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలు ఆపించింది. 2013లో షరతులతో మళ్లీ అనుమతించింది. తోరణగల్లులో ఉక్కు, కుడితినిలో థర్మల్ విద్యుత్తు, ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు. బతుకుతెరువు వాటితోనే, కాదనడం లేదు. ఊరూ పెరిగింది. 2011 లెక్కల నాటికే నగర జనాభా 4 లక్షలు దాటింది. కొత్త లేఅవుట్లు, కొత్త రోడ్లు, ఇంటికి రెండు బండ్లు. దుమ్ము, పొగ రెండూ పెరిగే దారిలోనే ఉన్నాం.

కేంద్రం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. కర్ణాటకలో దాని జాబితాకెక్కినవి బెంగళూరు, దావణగెరె, హుబ్బళ్లి-ధార్వాడ, కలబుర్గి. బళ్లారి పేరు అందులో లేదు. పేరు లేదు కాబట్టి దుమ్ము లేదనుకుందామా? ఇంటి ముందు ఆరేసిన తెల్ల పంచెను సాయంత్రం చూసుకుంటే తెలుస్తుంది. జాబితాలో లేని ఊరికి ఢిల్లీ నుంచి పథకం రాదు. మన గాలి సంగతి మనమే చూసుకోవాలన్నది దీని అర్థం.

చెట్టు ఏం చేస్తుంది, ఏం చేయలేదు

వేదికల మీద చెప్పే మాట ఒకటుంది. ‘చెట్లు నాటితే కాలుష్యం పోతుంది’. ఇది సగం నిజం. ఆ సగం ఏదో తెలుసుకుంటేనే పని సరిగా జరుగుతుంది.

అమెరికా నగరాల చెట్ల మీద డేవిడ్ నోవాక్ బృందం 2006లో లెక్క కట్టింది. అక్కడి పట్టణాల చెట్లు ఏటా సుమారు 7 లక్షల టన్నుల కాలుష్యాన్ని గాలిలోంచి తొలగిస్తున్నాయని తేలింది. వినడానికి చాలా ఎక్కువే. కానీ నగరం మొత్తం మీద గాలి బాగుపడింది ఎంత అంటే, సాధారణంగా 1 శాతం లోపే. అంటే లారీ మీద టార్పాలిన్ కప్పకుండా, చిమ్నీలో ఫిల్టరు నడపకుండా, రోడ్డు గుంత పూడ్చకుండా, చెత్త తగలబెట్టడం ఆపకుండా చెట్ల మీద భారం వేస్తే కుదరదు. దుమ్మును పుట్టిన చోటే ఆపాలి. చెట్టు దానికి బదులు కాదు, తోడు.

మరి నాటడం దేనికి అంటారా? రెండో లెక్క మన బెంగళూరుది. హరిణి నాగేంద్ర, ఆమె సహ పరిశోధకులు బెంగళూరు రోడ్లను చెట్లున్నవీ, లేనివీ పక్కపక్కన పెట్టి కొలిచి 2013లో ఫలితాలు ప్రచురించారు. చెట్లున్న చోట మధ్యాహ్నపు గాలి వేడి 5.6 డిగ్రీల దాకా తక్కువ. తారు రోడ్డు వేడి అయితే 27.5 డిగ్రీల దాకా తక్కువ! చెట్లున్న రోడ్డు భాగాల్లో 80 శాతం చోట్ల గాలిలో తేలే ధూళి అనుమతించిన హద్దులోనే ఉంది. చెట్లు లేని రోడ్లలో సగం చోట్ల అది హద్దుకు దాదాపు రెట్టింపు.

ఈ రెండు లెక్కలూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు. ఒకటి ఊరు మొత్తానిది, రెండోది వీధిది. ఊరి ఆకాశాన్ని చెట్టు కడగలేదు. వీధిలో నడిచే మనిషికి మాత్రం నీడ ఇస్తుంది, ముక్కుకు చేరే దుమ్ములో కొంత తన ఆకు మీద పట్టుకుంటుంది. బస్సు కోసం నిలబడే బడి పిల్లలకు, తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముకునేవాళ్లకు, రోడ్డూడ్చే పౌరకార్మికులకు కావలసింది సరిగ్గా అదే. కారు అద్దాలు ఎక్కించుకుని పోయేవాళ్లకు ఆ తేడా తెలియకపోవచ్చు.

పదికి ఒకటి కాదు, ఒకటికి డెబ్బై

చెట్టు దుమ్మును పట్టేది ఆకుతో. గాలిలో తేలే రేణువులు ఆకు మీద వాలతాయి. వాన పడితే కడుక్కుపోతాయి, ఆకు మళ్లీ సిద్ధమవుతుంది. ఎంత ఆకు ఉంటే అంత పని. ఇక్కడే మనం పెద్ద పొరపాటు చేస్తున్నాం.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఒక పాత చెట్టు పడిపోతుంది. ‘ఏం పర్వాలేదు, ఒకటి కొడితే పది నాటుతాం’ అనే హామీ వస్తుంది. లెక్క మనకే లాభం అన్నట్టు ఉంటుంది. కానీ షికాగో నగరం చెట్ల మీద 1990లలో చేసిన అధ్యయనంలో తేలిందేమంటే, బాగా ఎదిగిన పెద్ద చెట్టు ఏడాదికి తొలగించే కాలుష్యం చిన్న మొక్క కంటే దాదాపు 70 రెట్లు. పెద్దదానికి 1.4 కిలోలు, చిన్నదానికి 20 గ్రాములు. అంటే ఒక పెద్ద చెట్టుకు బదులు పది మొక్కలు నాటి, పదీ బతికినా, ఆ రోజుకు అందేది ఏడో వంతే. పదిలో రెండే బతికితే? ఇక చెప్పనక్కర్లేదు. తాత నాటిన వేపను కొట్టి, మనవడు పెద్దయ్యేదాకా ఆగమంటున్నాం.

చట్టం లేక కాదు. కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం 1976 నుంచే ఉంది. పట్టణాల్లో చెట్టు కొట్టాలంటే వృక్షాధికారి అనుమతి కావాలి. ఒకేచోట 50కి మించి కొట్టాల్సివస్తే ముందు ప్రజల అభ్యంతరాలు వినాలి. కొట్టినదానికి బదులు నాటాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. రంపం ఆగిన తర్వాత గానీ మనకు ఈ సంగతి గుర్తు రాదు.

సరిహద్దుకు అవతల చూస్తే

సరిహద్దులో ఉన్నందుకు మనకొక సౌకర్యం ఉంది. రెండు భాషల పేపర్లు చదువుతాం, పక్క రాష్ట్రాల మంచీ చెడూ రెండూ తెలుస్తాయి. తెలంగాణ 2015 జులైలో హరితహారం మొదలుపెట్టి 230 కోట్ల మొక్కలన్నది. అంకె చూసి మనం నోరు తెరిచాం. అంతకన్నా గమనించాల్సింది ఆ తర్వాత చేసిన చట్టాలు. 2018 పంచాయతీరాజ్ చట్టంలోనూ, 2019 పురపాలక చట్టంలోనూ నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని రాసుకున్నారు. బాధ్యత స్థానిక ప్రజాప్రతినిధి మీదా, అధికారి మీదా పెట్టారు. పురపాలికల బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలన్నారు. అమలు ఎంతవరకు జరిగింది అన్నది వేరే చర్చ. కానీ ‘ఎన్ని నాటారు’ అనే ప్రశ్నను ‘ఎన్ని బతికాయి’ అని మార్చడం చిన్న సంగతి కాదు. మన దగ్గర ఆ ప్రశ్నే ఇంకా పుట్టలేదు.

అక్కడి తప్పు కూడా మనకు పాఠమే. త్వరగా, గుబురుగా పెరుగుతుందని కోనోకార్పస్‌ను రోడ్ల మధ్య, పార్కుల్లో బారులుగా నాటారు. దాని పుప్పొడితో ఎలర్జీ వస్తుందనీ, వేళ్లు నీటి గొట్టాలకూ, కేబుళ్లకూ చేటు చేస్తాయనీ ఫిర్యాదులు రావడంతో వెనక్కి తగ్గారు. గుజరాత్ 2023లో దాన్ని నాటకుండా నిషేధించింది. మన కొత్త లేఅవుట్ల ముందు, హోటళ్ల ముందు ఇప్పటికీ అదే నిటారుగా కనిపిస్తుంది. తొందరపడి నాటి, మళ్లీ తొందరపడి పీకడం కన్నా ముందే ఆలోచించడం మేలు కాదూ?

ఏది నాటాలన్నది మన పెద్దలకు తెలియని విషయం కాదు. వేప, కానుగ, చింత, నేరేడు, రావి, మర్రి. కన్నడంలో బేవు అన్నా, హొంగె అన్నా చెట్టు అదే. ఈ నేలకూ, ఈ ఎండకూ తట్టుకున్న జాతులు. రావి, మర్రి రోడ్డు అంచున కాదు, చెరువు గట్టున, మైదానాల్లో. కరెంటు తీగల కింద ఎత్తు పెరగని జాతులు. లేకపోతే ప్రతి ఏడూ కొమ్మలు నరికి చెట్టును మోడు చేస్తారు. ఇరుకు బజార్లలో రెండు పక్కలా కొమ్మలు కమ్ముకునేలా పెంచితే బండ్ల పొగ పైకి పోక కిందే నిలుస్తుందని కూడా నిపుణులు చెబుతున్నారు. అక్కడ ఎడం ఎడంగా నాటాలి. ఇంకో ముఖ్యమైన విషయం మొదలు చుట్టూ వేసే సిమెంటు. వేరుకు గాలీ, నీళ్లూ పోవు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఫుట్‌పాత్ పని చేయించే ప్రతి కాంట్రాక్టులో ఈ ఒక్క షరతు రాస్తే అదనంగా ఖర్చయ్యేదేమీ లేదు.

నీళ్లు మోసినవాళ్లే గెలిచారు

మన రాష్ట్రంలో చెట్టంటే గుర్తొచ్చే పేరు సాలుమరద తిమ్మక్క. 2019లో పద్మశ్రీ అందుకున్న ఆమె, 2025 నవంబరులో కన్నుమూశారు. కూలి పని చేసుకునే ఆమె, భర్త చిక్కయ్య కలిసి హులికల్, కుదూరు మధ్య రోడ్డు వెంట పెంచిన మర్రి చెట్లు 385. అందరూ అంకె చెబుతారు. నాకు మాత్రం ఆ దంపతులు మైళ్ల కొద్దీ బిందెలతో మోసిన నీళ్లే కనబడతాయి. ముళ్ల కంప కట్టి పశువుల నుంచి కాపాడారు. నాటడం ఒక్క పూట పని, పెంచడం ఏళ్ల పని. అంత పేరున్న ఆ చెట్లకు కూడా 2019లో రోడ్డు వెడల్పు గండం వచ్చింది. ఆమె స్వయంగా ముఖ్యమంత్రిని కలిసి మొరపెట్టుకోవాల్సివచ్చింది. తిమ్మక్క చెట్లకే అలా ఉంటే, మన వీధి చివర పేరులేని వేపకు దిక్కెవరు?

బెంగళూరుకు పచ్చని నగరమన్న పేరు నిలబడిందంటే 1980లలో అటవీ అధికారి ఎస్.జి. నెగినహాళ్ ఆధ్వర్యంలో వీధివీధినా నాటిన సుమారు 15 లక్షల మొక్కల పాత్ర అందులో ఉంది. ఈనాడు రోడ్లకూ, ఫ్లైఓవర్లకూ అక్కడ చెట్లు పోతుంటే జనం వీధుల్లోకి వస్తున్నారు. ఆ నీడలో పెరిగారు కాబట్టే దాని విలువ తెలిసింది. మన పిల్లలకు పోగొట్టుకోవడానికైనా నీడ ఉండాలి కదా!

నీళ్లెక్కడివి?

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. ‘ఎండాకాలంలో మనుషులకే కుళాయి నీళ్లు రోజుల తరబడి రావు, మొక్కలకు ఎక్కడ తెచ్చేది?’ అని. తుంగభద్ర కాలువ మీద ఆధారపడ్డ ఊరు మనది, ఈ మాట కొట్టిపారేయలేం. కాబట్టే తక్కువ నాటమంటున్నాను. వెయ్యి నాటి తొమ్మిది వందలు చంపడం కన్నా నూరు నాటి తొంభై బతికించడం నయం. నీళ్లూ తక్కువే, ఖర్చూ తక్కువే. శుద్ధి చేసిన మురుగు నీళ్లు మొక్కలకు పనికొస్తాయి. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఎటూ కాలువలోకే పోతున్నాయి. వేప, కానుగ లాంటివి మూడు ఎండాకాలాలు దాటితే చాలావరకు తమ బతుకు తాము బతుకుతాయి. ఆ మూడేళ్లే మనం అప్పు పెట్టాల్సింది. తర్వాత మూడు తరాలు వడ్డీ కడుతుంది.

రోడ్లు వెడల్పు కావద్దా అంటే, కావాలి. కానీ ప్లాను గీసే రోజే చెట్టును కూడా గీయాలి. స్తంభం అడ్డొస్తే జరుపుతాం, గుడి అడ్డొస్తే పక్కకు తిప్పుతాం. చెట్టు అడ్డొస్తే మాత్రం ఒక్క క్షణం ఆలోచించం.

అడగాల్సినవి నాలుగే

ఒకటి, ఏ రోడ్డులో ఏ జాతివి ఎన్ని నాటారు, ఏడాదికి ఎన్ని మిగిలాయి అనే పట్టీని వార్డు ఆఫీసు గోడ మీద ప్రతి మే 31న అతికించాలి. రెండు, నాటే కాంట్రాక్టు మూడేళ్ల పోషణతో కలిపి ఇవ్వాలి. బతికిన మొక్కను చూసి బిల్లు కట్టాలి, తవ్విన గుంతను చూసి కాదు. మూడు, పెద్ద చెట్టు కొట్టే ముందు నోటీసు ఆ చెట్టుకే తగిలించాలి, కన్నడంలోనూ, తెలుగులోనూ. ఎక్కడో ఆఫీసు బోర్డు మీద పెడితే ఎవరు చదువుతారు? నాలుగు, దుమ్ము లేపే లారీకి, పొగ వదిలే చిమ్నీకి ‘మేం మొక్కలు నాటాం’ అన్నది సాకు కాకూడదు.

మనవైపు నుంచి ఒక్కటే. మీ గడప ముందు మొక్క ఎవరు నాటినా సరే, దానికి రోజుకో చెంబు మీది. అది గవర్నమెంటు మొక్క కాదు, మీ వీధి మొక్క. పాన్ షాపు, కిరాణా కొట్టు, జీన్స్ కుట్టే షెడ్డు, బడి, మసీదు, గుడి, ఎవరి ముందున్నది వాళ్లు చూసుకుంటే వీధి మొత్తం నిలబడుతుంది.

నా వంతు కూడా చెప్పుకోవాలి. వచ్చే జూన్ 5న ఫోన్ వస్తుంది, వెళతాను, ఫొటో తీస్తాను. కానీ వార్త రాసే ముందు పోయిన ఏడాది నాటిన రోడ్డుకు పోయి, బతికినవి లెక్కపెట్టుకుని వస్తాను. రెండు అంకెలూ పక్కపక్కన రాస్తాను. కోపమొచ్చేవాళ్లకు వస్తుంది. రానీ.

టీ బంకు ముందు వేప ఇప్పుడు అవ్వ తల దాటింది. దాని నీడ ఇంకా బెంచీ దాకా రాలేదు, బంకు రేకు అంచు వరకు వచ్చింది. మొన్న టీకి ఆగితే ఆమె మళ్లీ నన్ను అడిగింది. ‘‘పేపర్లో దీని ఫొటో ఎప్పుడేస్తావప్పా?’’

ఈసారి జవాబు ఉంది. ‘‘మే నెలలో అవ్వా.’’